నగర పటంలో మన చోటు

(పట్టణ ప్రణాళిక, మైనారిటీల హక్కులు అనే అంశంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

హక్కుల సభలలో మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి, ఉర్దూ మాధ్యమం గురించి, భద్రత గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమైనవే. అయితే ఈ రోజు నాకు అప్పగించిన అంశం వీటికి దూరంగా ఉన్నట్లు కనిపిస్తుంది. మహానగరంలో కార్యాలయాల ప్రాంతాన్ని ఎక్కడ నెలకొల్పాలి, అక్కడి భూమిని దేనికి వినియోగించాలి, ఆ అభివృద్ధి ఫలం ఎవరికి చేరాలి అన్నది ఆ అంశం. ఇది ఇంజినీర్లకు, స్థిరాస్తి వ్యాపారులకు సంబంధించిన వ్యవహారమని చాలామంది భావిస్తారు. ఆ భావనే మనకు అపారమైన నష్టం కలిగించిందని నా అభిప్రాయం. ఒక బిడ్డ ఎక్కడ చదవాలో, ఎక్కడ పని చేయాలో, పనికి వెళ్లడానికి రోజుకు ఎన్ని గంటలు వెచ్చించాలో ఉద్యోగ ప్రకటన వెలువడక ముందే నగర పటం నిర్ణయించి ఉంచుతుంది.

రంగు మారితే ధర మారుతుంది

భూ వినియోగ ప్రణాళిక అంటే ఏమిటో ముందుగా చెప్పుకుందాం. నగరాభివృద్ధి సంస్థ తన పరిధిలోని ప్రతి సర్వే నంబరుకూ ఒక వినియోగాన్ని నిర్దేశిస్తుంది. ఇది నివాస ప్రాంతం, ఇది వాణిజ్య ప్రాంతం, ఇది పరిశ్రమలకు, ఇది చెరువుకు, ఇది పచ్చదనానికి అని పటంపై రంగులు వేస్తుంది. ఆ తరువాత ఎంత వెడల్పు రోడ్డు పక్కన ఎంత ఎత్తు కట్టవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, వాహనాలకు ఎంత స్థలం కేటాయించాలి అని నియమాలు రాస్తుంది. నిన్నటి దాకా జొన్న పండిన ఎకరం, రంగు మారిన మరునాడు కోట్ల విలువ పలుకుతుంది. భూయజమాని చెమటోడ్చి ఆ విలువను సృష్టించలేదు. ప్రభుత్వ నిర్ణయం, ప్రజల పన్నులతో వేసిన రోడ్డు, ప్రజల వాటా నీరు దానిని సృష్టించాయి. కనుక ఆ పెరిగిన విలువలో ప్రజలకు వాటా ఉండాలన్నది దయాధర్మం కోసం చేసే విన్నపం కాదు, న్యాయమైన హక్కు.

ఈ సూత్రం మన నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో నగర పునర్నిర్మాణానికి పునాది పడింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఆ మండలి పత్తర్‌గట్టీ రాతి కమానుల వరుసను నిర్మించింది. అంతటితో ఆగలేదు. ఇరుకు వాడలను తొలగించడంతో పాటు మల్లేపల్లి వంటి చోట్ల తక్కువ అద్దె ఇళ్ల కాలనీలను కూడా కట్టించింది. అది రాచరికం. ప్రజలకు ఓటు హక్కు లేని కాలం. అయినా వ్యాపార వీధినీ పేదవాని ఇంటినీ ఒకే సంస్థ, ఒకే పటంపై చూసింది. ప్రజాస్వామ్యంలో మనం కోరేది అంతకంటే తక్కువగా ఎందుకు ఉండాలి?

పడమటి దిక్కున కొత్త నగరం

ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా హైదరాబాదులో కార్యాలయాలంటే నాంపల్లి, ఆబిడ్స్, బషీర్‌బాగ్, సైఫాబాద్. పాతబస్తీ నుంచి సైకిలుపై చేరుకోగలిగిన దూరం అది. గుమాస్తా, చాయ్‌వాలా, దర్జీ, ప్రెస్సులో అక్షరాలు కూర్చే కార్మికుడు అందరూ ఆ చుట్టుపక్కలే బతికేవారు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి నగర కేంద్రం పడమటికి జరగడం మొదలైంది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ పరిసరాలు ఐటీ ప్రాంగణాలకు, ఆ తరువాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు నెలవైనాయి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఆ దిశను మరింత బలపరిచింది. 2006 మార్చిలో జారీ అయిన జీవో 86 భవనాలకు అంతస్తుల విస్తీర్ణ నిష్పత్తి పరిమితిని తొలగించింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం సరిపోతే చాలు, ఎత్తుకు హద్దు లేకుండా పోయింది. ఈ రోజు పడమటి ఆకాశంలో కనబడే గోపురాల వరుసకు అదే చట్టపరమైన పునాది.

దాని ఫలితం 2023 ఆగస్టు 3న లోకానికంతటికీ తెలిసింది. కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన స్థలాలలో ఒక ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ ఒక్క రోజు 45.33 ఎకరాలకు 3,319.60 కోట్ల రూపాయలు సమకూరాయి. ప్రభుత్వ ఖజానాకు ఆదాయం రావడం మంచిదే. అయితే ఎకరం వంద కోట్లకు కొన్న సంస్థ ఆ స్థలంలో పారిశుధ్య కార్మికురాలికి గది కడుతుందా? కిరాణా దుకాణానికి చోటిస్తుందా? భూమిని అత్యధిక ధరకు అమ్మడమే ప్రణాళిక అయినప్పుడు, ఆ ధర చెల్లించలేని మనుషులందరూ ఎవరూ గెంటకుండానే పటం నుంచి జారిపోతారు.

మణికొండ నేర్పిన పాఠం

కార్యాలయ నగరం గురించి ముస్లిం సభలో మాట్లాడుతూ మణికొండను ప్రస్తావించకుండా ఉండలేం. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరు మీరందరూ ఎరిగినదే. హుస్సేన్ సాగర్ ఆయన పేరు మీదుగానే నిలిచిందని చెబుతారు. మణికొండ జాగీరుకు చెందిన 1,654 ఎకరాల 32 గుంటల భూమి ఆ దర్గా వక్ఫ్ ఆస్తి అవునా, కాదా అన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 1989 నాటి గెజిట్‌లో దర్గా పేర నమోదైన విస్తీర్ణం 5,506 చదరపు గజాలు మాత్రమే. 2006లో సవరణ ప్రకటన ద్వారా 1,654 ఎకరాలను చేర్చారు. అప్పటికే ఆ భూములను ప్రభుత్వం ఐటీ సంస్థలకు, నివాస గోపురాలకు, విద్యాసంస్థలకు కేటాయించింది. కేటాయింపు పొందినవారిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఉంది. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు మొగ్గింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. జాగీర్ల రద్దుతో భూమి రాష్ట్ర ప్రభుత్వానికి సంక్రమించిందని తేల్చి, 2006 నాటి సవరణ ప్రకటనను రద్దు చేసింది.

ఈ తీర్పుపై మనలో ఆవేదన ఉంది. ఆవేదన పాఠంగా మారకపోతే వృథా అవుతుంది. అందులో మనం నేర్చుకోవలసినవి రెండు. మొదటిది, జాగీర్ల రద్దు 1949లో జరిగింది. ఆ భూమి స్వభావం ఏమిటి, మున్తఖబ్‌లో ఏముంది, సర్వేలో ఏముంది అన్న ప్రశ్నలు భూమికి విలువ లేని రోజులలోనే తేలవలసింది. గెజిట్‌లో గజాలు నమోదై ఉండగా ఎకరాలను తరువాత చేర్చబోతే న్యాయస్థానంలో నిలబడటం కష్టం. రెండవది, ఒక ప్రాంతానికి రంగు వేసే ముందే ఆ నేలపై ఎవరి హక్కులు, ఎవరి స్మృతులు, ఎవరి సమాధులు ఉన్నాయో పరిశీలించి పటంలో గుర్తించడం ప్రణాళికా సంస్థ విధి. అది ముందే జరిగి ఉంటే సంస్థలకూ వ్యాజ్యాల బెడద ఉండేది కాదు, దర్గాకూ న్యాయస్థానాల చుట్టూ తిరిగే అవస్థ తప్పేది.

ఇప్పుడు ఈ పాఠానికి మరింత ప్రాధాన్యం ఏర్పడింది. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం వినియోగం ద్వారా ఏర్పడే వక్ఫ్‌కు ఇక మీదట గుర్తింపు లేకుండా చేసింది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను నిలిపివేసినా, దీనిని నిలిపివేయలేదు. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో ఆస్తుల వివరాలు నమోదు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలే. చట్టాన్ని విమర్శించే హక్కు మనకుంది, విమర్శిద్దాం. కానీ ముతవల్లీ ఇంటి అటకపై చెదలు తింటున్న కాగితాన్ని కాపాడే బాధ్యత ఏ చట్టమూ మనకు బదులుగా మోయదు.

మన చేతిలో ఉన్న భూమి సంగతి

పోయిన భూమి గురించి ఎంత మాట్లాడతామో, ఉన్న భూమి గురించి అంత మాట్లాడం. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క గుర్తు చేస్తాను. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు. విస్తీర్ణం 6 లక్షల ఎకరాలు. నాటి మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలు. వాటి మీద వచ్చే వార్షిక ఆదాయం 163 కోట్లు మాత్రమే. సక్రమంగా వినియోగిస్తే పది శాతం రాబడితో ఏడాదికి 12,000 కోట్లు సమకూరుతుందని కమిటీ అంచనా వేసింది. ఈ ఆస్తులలో చాలా భాగం నగరాల నడిబొడ్డున, అంటే కార్యాలయాలకు, దుకాణాలకు అనువైన చోట్ల ఉన్నాయి. తాతల నాటి అద్దెకు దుకాణం పట్టుకుని, దానిని మరొకరికి నేటి ధరకు ఇచ్చి లాభం తినేవారిలో మనవాళ్లు లేరా? వక్ఫ్ చట్టం 1995లోని 32వ సెక్షన్ ఇటువంటి స్థలాల అభివృద్ధికి బోర్డుకు అధికారమిచ్చింది. 2013లో జాతీయ వక్ఫ్ అభివృద్ధి సంస్థ కూడా ఏర్పడింది. ప్రణాళిక ఉన్న చోట ఒక వక్ఫ్ స్థలంలో కింద దుకాణాలు, పైన కార్యాలయాలు, ఆ పైన ఉద్యోగినుల హాస్టల్, వచ్చే అద్దెతో ఉపకార వేతనాలు సాధ్యమే. అలా జరగాలంటే లీజులు బహిరంగంగా ఉండాలి, లెక్కలు మసీదు నోటీసు బోర్డుపై అంటించాలి.

దూరమే గోడ

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ముస్లింలు 43 శాతం పైచిలుకు. కానీ కొత్త ఉద్యోగాల కేంద్రం పాతబస్తీకి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన వెలసింది. చార్మినార్ దగ్గర నివసించే ఒక యువతికి ఆ దూరం రాత్రి షిఫ్టు ఉద్యోగాన్ని అందకుండా చేసే గోడ. నిర్బంధం ఎవరూ విధించకపోయినా ఫలితం నిర్బంధమే.

మెట్రో ఈ గోడను పగలగొట్టవలసింది. నగరంలో తొలి మెట్రో రైలు 2017 నవంబరులో నడిచింది. 2019 నాటికి రాయదుర్గం దాకా చేరింది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా సాగవలసిన మార్గం మాత్రం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్దే ఆగింది. మిగిలినది ఐదున్నర కిలోమీటర్లే. ఆ ఐదున్నర కిలోమీటర్లే పాతబస్తీ. దారిలోని ప్రార్థనా స్థలాల విషయమై అభ్యంతరాలు వచ్చిన మాట నిజమే. అభ్యంతరాలకు సమాధానం మార్గాన్ని సవరించడం, భూగర్భం నుంచి తీసుకువెళ్లడం, స్తంభాల స్థానాన్ని జరపడం. ఏళ్ల తరబడి మౌనం వహించడం సమాధానం కాదు. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. ఆ పని త్వరగా ముగియాలని, ఆస్తులు కోల్పోయేవారికి న్యాయమైన పరిహారం అందాలని మనం ఏక కంఠంతో కోరాలి. ఈ రెండు కోరికల మధ్య వైరుధ్యం లేదు.

పని స్వభావం కూడా చూడాలి. ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, దేశ సగటు 8 శాతం కంటే తక్కువని సచార్ కమిటీ చెప్పింది. పని చేసే ముస్లిం మహిళలలో దాదాపు 70 శాతం ఇంటి వద్దనే పని చేసుకునేవారని కూడా చెప్పింది. ఈ రెండు అంకెలనూ భూ వినియోగ పటంతో కలిపి చూడండి. అద్దాల మేడల ముందు తోపుడుబండికి చోటు లేని పటం మన అన్నదమ్ముల జీవనోపాధిని కొట్టివేస్తుంది. నివాస ప్రాంతంలో ఏ పనీ చేయరాదని కఠినంగా రాసిన నియమం జర్దోజీ మగ్గాన్ని, కుట్టుమిషన్‌ను నేరంగా చూస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలు ఉండాలి. జనాభాలో రెండున్నర శాతం పరిమితికి లోబడి విక్రేతలకు చోటు కల్పించాలి. కార్యాలయ ప్రాంతాలు ఆ చట్టానికి మినహాయింపు కావు. ఐటీ ఉద్యోగి కూడా మధ్యాహ్నం చాయ్ తాగవలసిందే, సాయంత్రం పండ్లు కొనవలసిందే.

లండన్ తూర్పు వాడ ఉదాహరణ

ఈ సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. లండన్ నగరపు తూర్పున టవర్ హామ్లెట్స్ అనే పురపాలక ప్రాంతం ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ దాదాపు 40 శాతం ముస్లింలు, అధికులు బంగ్లాదేశ్ మూలాలు గలవారు. అక్కడి ఓడరేవులు మూతపడ్డాక 1981లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక ప్రత్యేక అభివృద్ధి సంస్థను నెలకొల్పి, స్థానిక పురపాలక సంస్థల నుంచి ప్రణాళికాధికారాలను తీసుకుని దానికి అప్పగించింది. పన్ను రాయితీలిచ్చింది. కానరీ వార్ఫ్ అనే కార్యాలయ నగరం లేచింది. బ్యాంకులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. కానీ ఆ ఉద్యోగాలకు మనుషులు దూరం నుంచి రైళ్లలో వచ్చారు. గోపురాల నీడ పడే వీధులలో పేదరికం కొనసాగింది.

అక్కడి పౌర సంఘాలు, పురపాలక సంస్థ మెల్లగా ఒక పాఠం నేర్చుకున్నాయి. గోపురాలను వ్యతిరేకించడం ఒక్కటే చాలదు, గోపురాలతో ఒప్పందం రాయించుకోవాలి. 1990 నాటి పట్టణ ప్రణాళికా చట్టంలోని 106వ సెక్షన్ అందుకు ఆయుధమైంది. అనుమతి కావాలంటే ఇన్ని ఇళ్లు తక్కువ ధరకు ఇవ్వాలి, స్థానిక యువతకు శిక్షణ ఇవ్వాలి, పాఠశాలకు నిధులివ్వాలి అని నిర్మాణదారునితో రాతపూర్వక ఒడంబడిక చేసుకోవచ్చు. అది కాగితంపై ఉంటుంది కనుక అమలు కాకపోతే అడగవచ్చు. ఇది అన్ని సమస్యలనూ తీర్చలేదు. అయినా వేలంలో డబ్బు తీసుకుని చేతులు దులుపుకునే మన పద్ధతికంటే ఎన్నో రెట్లు మేలు.

రేపటి ప్రశ్న మూసీ

పడమటి నగరం చాలావరకు కట్టడమైపోయింది. ఇక ముందు పెద్ద ప్రశ్న మూసీ తీరం. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాలలో నది గర్భంలోని ఇళ్లకు అధికారులు ఎర్ర గుర్తులు వేసిన సంగతి మీకు తెలుసు. కొన్ని కుటుంబాలను రెండు పడక గదుల ఇళ్లకు తరలించారు. నది శుభ్రపడాలి. వరద ముప్పులో ఎవరూ నివసించరాదు. 1908 అనుభవం ఉన్న నగరానికి ఇది ఇతరులు చెప్పనక్కరలేదు. కానీ పేదవాని ఇల్లు తొలగిన చోట రేపు వాణిజ్య సముదాయం వెలిస్తే, నది పేరు చెప్పి భూమి చేతులు మారినట్లవుతుంది. తొలగించిన కుటుంబానికి పని దగ్గరలోనే ఇల్లు, పిల్లలకు అదే బడి, కొత్త దుకాణాలలో మొదటి హక్కు ఉండాలి. ఆ హామీ శంకుస్థాపన ఉపన్యాసంలో ఉంటే చాలదు, ప్రణాళికా పత్రంలో ఉండాలి.

మనం చేయవలసినవి

మిత్రులారా, కోరికలు చెప్పి ముగించడం సులభం. పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ముసాయిదా ప్రణాళిక గానీ, భూ వినియోగ మార్పు ప్రకటన గానీ వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు ఆహ్వానించడం చట్టం విధించిన విధానం. గడువు కొద్ది రోజులే ఉంటుంది. పత్రికలో చిన్న అక్షరాలలో వస్తుంది. ప్రతి మహల్లాలో ఇద్దరు చదువుకున్న యువకులు ఆ ప్రకటనలు చూసే బాధ్యత తీసుకోవాలి. గడువులోగా రాసిన ఒక పేజీ అభ్యంతరం, గడువు ముగిశాక చేసిన పది ధర్నాల కంటే న్యాయస్థానంలో విలువైనది.

రెండవది, మన ప్రాంతంలోని ప్రతి ఖబరస్తాన్, అషూర్ఖానా, దర్గా, మసీదు, ఈద్‌గాహ్ సర్వే నంబరుతో సహా కొత్త మాస్టర్ ప్లాన్‌లో కనబడేలా చూడాలి. ఇది కేవలం మన స్థలాలకే కాదు. పక్కనున్న గుడి, చర్చి, దళితుల శ్మశానం కూడా పటంలో ఉండాలని మనమే అడగాలి. హక్కు అందరికీ ఉన్నప్పుడే మనకూ ఉంటుంది.

మూడవది, ప్రభుత్వ భూమిని కార్యాలయాలకు వేలం వేసే ప్రతి సందర్భంలో తక్కువ ధర ఇళ్లకు, ఉద్యోగినుల హాస్టళ్లకు, వీధి విక్రేతలకు, ప్రభుత్వ బడికి స్థలం ముందే కేటాయించాలని, వచ్చిన ఆదాయంలో నిర్దిష్ట భాగం పాత నగరపు నీరు, మురుగు, రవాణా పనులకు ఖర్చు చేయాలని కోరాలి. ఆ నిబంధన చేర్చించే బాధ్యతను మనం గెలిపించిన శాసనసభ్యులపై, కార్పొరేటర్లపై పెట్టాలి.

నాల్గవది, మన వక్ఫ్ స్థలాలను మనమే ఆదర్శంగా అభివృద్ధి చేసి చూపాలి. ఇతరుల ప్రణాళికలో న్యాయం అడిగేవారు తమ ఇంటి లెక్కలు తెరిచి ఉంచాలి.

ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ మక్కా విడిచి మదీనా చేరినప్పుడు అక్కడ మసీదును నిర్మించారు, ఆ తరువాత పన్నుల భారం లేని బజారును నెలకొల్పారని చరిత్రకారులు రాశారు. ప్రార్థనకు చోటు, బతుకుతెరువుకు చోటు రెండూ నగరానికి అవసరమన్నది మన సంప్రదాయంలోనే ఉంది. ఈ నగరాన్ని కట్టిన చేతులలో మన తాతల చేతులున్నాయి. రేపటి పటం గీసే బల్ల దగ్గర మన పిల్లలు కూర్చోవాలి. పట్టణ ప్రణాళిక, వాస్తుశిల్పం, సర్వే, న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు ఉపకార వేతనం ఇవ్వడం కూడా ఒక సదఖా అని భావించండి. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక మీ మహల్లా పటాన్ని ఒకసారి తెరిచి, మీ వీధికి ఏ రంగు వేశారో చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.